తవ్వేముందు ఒక్క ఫోన్

మా కోనసీమలో నాలుగడుగులు తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయని మా తాతయ్య గర్వంగా చెప్పేవారు. ఇప్పుడు ఆ నాలుగడుగుల్లో నీళ్ల కంటే ముందు ఇంకేవేవో తగులుతున్నాయి. ఓఎన్‌జీసీ బావుల లైన్లు, గెయిల్ గ్యాస్ పైపులు, తాగునీటి గొట్టాలు, కరెంటు కేబుళ్లు, ఫైబర్. పైన కొబ్బరితోట, కింద ఇదంతా!

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఊళ్లో ఉన్నప్పుడు ఓసారి మంచినీళ్ల పైపు పగిలిందని రోడ్డు తవ్వారు. అర్జెంటు పనే, వీధి మొత్తానికి నీళ్లు లేవు. జేసీబీ బకెట్ రెండోసారి దిగేసరికి ఫైబర్ తెగింది. నా మీటింగ్ పోతే పోయింది గానీ, జేసీబీ నడిపిన కుర్రాడు తర్వాత అన్న మాట మాత్రం మర్చిపోలేకపోతున్నాను. "కింద ఏవుందో నాకెవరు చెప్తారన్నయ్యా? తవ్వమన్నారు, తవ్వాను. ఏదన్నా అయితే మాత్రం నన్నే అంటారు."

నిజమే కదా! ఆ రోజు తెగింది ఫైబర్ కాబట్టి సరిపోయింది.

గ్యాస్ అయితే ఏమవుతుందో మా వైపు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. అది తవ్వకం వల్ల జరిగింది కాదు, తుప్పు పట్టిన పైపు లీకవడం వల్ల. కానీ తవ్వేవాళ్లకి కూడా అందులో ఒక పాఠం ఉంది. స్టీలు పైపుకి తుప్పు పట్టకుండా పైన ఒక పూత వేస్తారు. బకెట్ పళ్లు గీసుకుని ఆ పూత లేచిపోయినా ఆ రోజుకి ఏమీ కాదు. ఎవరికీ చెప్పకుండా మట్టి కప్పేస్తే అక్కడి నుంచే తుప్పు మొదలై, ఏళ్ల తర్వాత ఎవరి మీదికో వస్తుంది.

మరి చట్టం ఏమంటుంది? 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం ప్రకారం లైన్ వెళ్లిన పొలం రైతుదే, సాగు చేసుకోవచ్చు. కానీ ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. వరిచేను రొయ్యల చెరువుగా మారిపోయే మన డెల్టాలో ఈ ముక్క అందరికీ తెలియాలి. కావాలని పైపుని దెబ్బతీస్తే జైలే. టెలికాం లైన్లు పాడైతే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద నష్టపరిహారం, 50 లక్షల దాకా జరిమానా. నిర్లక్ష్యంతో ఎవరి ప్రాణమైనా పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. అర్జెంటు పని కాబట్టి జాగ్రత్త అక్కర్లేదని వీటిలో ఎక్కడా లేదు.

2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. ఎక్కడ తవ్వుతున్నామో అందులో పెడితే, అక్కడ లైన్లున్న సంస్థలకి మెసేజ్ వెళ్తుంది. అంత టైమ్ లేదంటారా? చుట్టూ చూడండి. పైపులైన్ దారి పొడవునా పాతిన గుర్తురాళ్లు, బోర్డుల మీద ఫోన్ నంబర్ ఉంటుంది. ఫోన్ చేసి చెప్పండి. అనుమానం ఉన్నచోట మిషన్ ఆపి, పలుగూ పారా పట్టుకుని మెల్లగా తవ్వించండి. మట్టిలో హెచ్చరిక టేపు కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

పైపు తగిలి బుస్సుమని చప్పుడొస్తే వాసన కోసం చూడకండి. పెద్ద లైన్లలో గ్యాస్‌కి చాలాచోట్ల వాసన కలపరు. బండి మళ్లీ స్టార్ట్ చేయొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. గాలికి ఎదురుగా దూరం పోయి, జనాన్ని పంపేసి, అప్పుడు ఫోన్ చేయండి.

ఇదంతా జేసీబీ కుర్రాడి ఒక్కడి నెత్తిన పెట్టే పని కాదు. తవ్వమన్న కాంట్రాక్టరైనా, పంచాయతీ అయినా, ఇంటి ఓనరైనా ముందు కనుక్కోవాలి. కింద ఏముందో అతనికి చూపించాకే బకెట్ దింపమనాలి. మీ ఊరి చివర అలాంటి బోర్డుంటే సాయంత్రం అటు వెళ్లినప్పుడు ఆ నంబర్ సేవ్ చేసుకోండి. మీ ఊళ్లో జేసీబీ నడిపేవాళ్లకి వాట్సాప్‌లో పంపండి. వాళ్లకి అది ఇంతవరకూ ఎవరూ ఇచ్చి ఉండరు.