ధర్సీవా నుంచి ఫ్రాన్స్‌కి

సిల్తరా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల మసి మా ఊరు ధర్సీవా దాకా వచ్చేది. డాబా మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగేది. అందుకే కంప్యూటర్ సెంటర్ భయ్యా చెప్పులు బయట విప్పించడంతో ఆగకుండా కాళ్లు కూడా తుడుచుకు రమ్మనేవాడు. అప్పటికింకా ఛత్తీస్‌గఢ్ ఏర్పడలేదు, మాది మధ్యప్రదేశే. బోర్డు మీద డీసీఏ, పీజీడీసీఏ అని ఉండేది. పగలు టాలీ క్లాసులు. పొద్దుపోయాక గంటకింత చొప్పున 'ఫిఫా: రోడ్ టు వరల్డ్ కప్ 98'.

1997లో ఈఏ స్పోర్ట్స్ వదిలిన ఫుట్‌బాల్ ఆట అది. మొదట్లో బ్లర్ బ్యాండ్ పాట 'సాంగ్ 2' వస్తుందట. చోటు మిగల్చడానికి పాటలు పీకేసిన దొంగ కాపీ కావడంతో మా సీడీలో అది లేదు. జాన్ మోట్సన్ కామెంటరీ మాత్రం ఉంది. మాకు అర్థమయ్యింది తక్కువే, అయినా గొంతు పెరిగిందంటే గోలు దగ్గరపడ్డట్టే.

ఒకే కీబోర్డు మీద ఇద్దరం ఆడేవాళ్లం. ఒకడికి బాణం గుర్తులు, ఇంకొకడికి అక్షరాలు. ఇద్దరూ కలిసి నాలుగైదు బటన్లు నొక్కితే కంప్యూటర్ 'పీక్ పీక్' మనేది, ఆ తర్వాత నొక్కింది దానికి ఎక్కేది కాదు. ఈ కిటుకు తెలిసినవాడు అవతలివాడు గోలు ముందుకి రాగానే తన బటన్లన్నీ అదిమి పట్టేసేవాడు. బంతి కాళ్ల దగ్గరే ఉన్నా షాట్ పడదు! ఇక చూడండి, ఛత్తీస్‌గఢీలో, తెలుగులో తిట్లే తిట్లు. ఇండోర్ ఆటలో గొడవ ఇంకా ముదిరేది. అక్కడ చుట్టూ గోడలే, బంతి బయటికి పోదు, ఊపిరి తీసుకునే సందుండదు.

అన్నిటికంటే పెద్ద సంగతి, ఆ ఆటలో 172 దేశాలున్నాయి. బ్రెజిల్‌తో పాటు ఇండియా కూడా! క్వాలిఫైయింగ్ నుంచి మొదలుపెట్టి ఫ్రాన్స్‌లో జరిగే ప్రపంచ కప్ దాకా మనమే నడిపించుకోవచ్చు. నాన్నతో పనిచేసే సికింద్రాబాద్ బాబాయిగారు విని పకపకా నవ్వారు. "ఖతర్ చేతిల ఆరు గోల్స్ తిన్నోళ్లు ఫ్రాన్స్ పోతరా?" అన్నారు. నిజమే, 1996లో దోహాలో జరిగిన అసలు క్వాలిఫైయింగ్‌లో మనం 0-6తో ఓడాం. నవ్వాక మాత్రం ఆయన రహీం సాబ్ కథ ఎత్తుకునేవారు. హైదరాబాద్ పోలీస్ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉండగా ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది. ఇవేవీ మా స్కూలు పుస్తకాల్లో లేవు. నాకు రహీం పేరు తెలిసింది ఓ దొంగ సీడీ పుణ్యాన.

ఆ తర్వాతి ఆటల్లో ముఖాలు అచ్చు మనుషుల్లా ఉన్నాయి, గడ్డి పరకలు కూడా లెక్కపెట్టొచ్చు. ఫిఫా 22లో ఇండియన్ సూపర్ లీగ్ చేరింది, దాంతోపాటు హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా. సంతోషమే. కానీ అట్టడుగు జట్టుని చేతికిచ్చి 'పో, ప్రపంచ కప్ దాకా వెళ్లు' అన్న ఆ పాత ఆట దిలాసా నాకు వాటిలో కనిపించలేదు.

ఎవరింట్లోనైనా ఆ సీడీ, అది నడిచే పాత కంప్యూటర్ మిగిలుంటే ఓసారి ఇండియాతో మొదలుపెట్టండి. వరల్డ్ క్లాస్ లెవెల్ జోలికి పోకండి, అమెచ్యూర్ చాలు.