నిన్న ఏం తిన్నవ్ పెద్దమ్మా?

దసరా సెలవులకు మాహూర్‌లో పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. రేణుకమ్మ దర్శనానికొచ్చిన చుట్టాలతో ఇల్లు నిండిపోయింది. అందరి భోజనాలూ అయ్యాక పెద్దమ్మ వంటింట్లో కూర్చుంది. పక్కన చేరి అడిగాను: "పెద్దమ్మా, నిన్న ఏమేం తిన్నవ్?"

"మీ పెద్దనాన్న నాలుగు రొట్టెలు తిన్నడు. పిల్లలు పప్పన్నం..."

"నువ్వు?"

"నాదేముందే, మిగిలింది తిన్న."

నేను మొదటి బంతిలోనే తిన్నానని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ ప్రశ్న నా సొంతం కాదు. 1972లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో మొదలైన పోషకాహార పర్యవేక్షణ బ్యూరో వాళ్ళు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి అడిగిన ప్రశ్న. నిన్న ఒక్కొక్కరూ ఎంత తిన్నారో కప్పుల కొలతతో రాసుకునేవారు. ఇంట్లో పప్పు ఉడకడం వేరు, అది అందరి కంచాల్లోకీ రావడం వేరు కదా!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించారు. 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ అంకెను పరీక్ష కోసం బట్టీపట్టాను. కొండమెట్ల మీద పెద్దమ్మ ఆయాసంతో మూడుచోట్ల కూర్చుంది. కారణం ఏమిటో మాకెవరికీ తెలియదు. ఎవరమూ ఎప్పుడూ పరీక్ష చేయించలేదు.

మర్నాడు ఎవరూ కూర్చోకముందే పెద్దమ్మకు కంచం పెట్టాను. "నేను ముందు తినుడేందే!" అని నవ్వి, దాన్ని పెద్దనాన్న ముందుకు జరిపింది.

నేను రెండో కంచం పెట్టాను. ఈసారి నేనూ పక్కనే కూర్చున్నాను.