కనబడని డిస్కులు

ఒక వస్తువు కనబడలేదని చెప్పుట వేరు, ఆ వస్తువు లేదని చెప్పుట వేరు. ఈ భేదము మరచినందున ఎన్ని ఇండ్లలోనో పనికివచ్చు కాగితములు చెత్తకుప్ప చేరినవి. దీనిని మాకు తేటగా నేర్పినది వరంగల్‌లో మా బాలుర హాస్టలు ఆఫీసునందున్న ఒక పాత యంత్రము.

దానిని సర్వరు అందురు. ఇది ఇంటి కంప్యూటరు వంటిదే గాని, రాత్రింబగళ్లు ఆగక పనిచేసి, పదిమంది అడిగిన కాగితమును పదిమందికిని అందించును. హాస్టలులో చేరిన పిల్లల పాత రిజిస్టర్ల ఫొటోలు అందులో దాచియుంచితిమి. 2020 ఆగస్టులో వరంగల్ పల్లపు వాడలు నీట మునిగినప్పుడు అసలు రిజిస్టర్లు తడిసి ముద్దయ్యెను. గనుక పింఛను కొరకో, పాసుపోర్టు కొరకో పుట్టిన తేది ఋజువు అడుగవచ్చు వారికి ఆ ఫొటోలే ఆధారము.

ఆ సర్వరును నడిపించు ఆపరేటింగ్ సిస్టమ్ సెంటాస్ 7. 2024 జూన్ 30తో దానికి భద్రతా సవరణలు వచ్చుట నిలిచిపోయెను. గడియ ఊడిన గదిలో ధాన్యము ఉంచరాదు గదా! కాబట్టి ఆ వంశములోనే కొత్తదానిని ఎక్కింప నిశ్చయించితిమి. మా సంఘములో ఇంజనీరింగ్ చదివిన యౌవనస్థుడొకడు పనికి పూనుకొనెను. నేను ప్రక్కన కూర్చుండి జరిగినదంతయు నోటుబుక్కులో వ్రాయుచుంటిని.

పెన్‌డ్రైవ్ పెట్టి యంత్రమును లేపగా, డిస్కును ఎంచుకొను చోట ఒక్క డిస్కైనను కనబడలేదు. చూడవచ్చిన రిపేరు మనిషి, "డిస్కులు పోయినవి. అన్నిటిని తుడిచి కొత్తగా కట్టుడి" అని సలహా చెప్పెను. మావాడు ఒప్పుకొనక, "అయ్యగారూ, తుడుచుట ఎప్పుడైనను చేయవచ్చును. తుడిచినది మాత్రము మరల రాదు. మొదట ఏది బాగున్నదో చూతము" అనెను.

ఇచ్చట సర్వరు కట్టుబడిని గూర్చి కొంచెము చెప్పవలెను. దానిలో నాలుగైదు డిస్కులుండును. ఒకే లెక్కను నాలుగు పుస్తకములలో పంచి వ్రాసి, ఒక పుస్తకము చెదలు తినినను మిగిలిన మూటినుండి దానిని తిరిగి కూర్చుకొనునట్లు అమర్చుదురు. దీనిని రెయిడ్ అందురు. ఏ పుట ఎక్కడున్నదో ఎరిగినది రెయిడ్ కంట్రోలరు అను కార్డు. అది వెనుకటి పట్వారీ వంటిది. ఊరి భూములన్నియు పట్వారీ దస్త్రములో నున్నను, కొత్తగా వచ్చిన అధికారికి అతని భాష రానియెడల "ఈ ఊరిలో భూమియే లేదు" అని వ్రాసికొనిపోవును. కంట్రోలరునకును ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ దుబాసీ పని చేయు చిన్న ప్రోగ్రామునే డ్రైవరు అందురు.

మావాడు వరుసగా విచారించెను. మొదట కంట్రోలరు తెర తెరచి చూడగా నాలుగు డిస్కులును "ఆన్‌లైన్" అని యుండెను. కాబట్టి డిస్కులు బ్రదికియున్నవి. తరువాత డెబియన్ 12 అను మరియొక సిస్టమును, ఎక్కింపకయే, పెన్‌డ్రైవ్ నుండి నడిపించెను. డిస్కులు కనబడెను! కాబట్టి కార్డును తీగలును బాగున్నవి. కొరవడినవాడు దుబాసీ ఒక్కడే. 2019 మేలో వెలువడిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 మొదలుకొని, ఆ వంశపు సిస్టములలో పాత రెయిడ్ కార్డులు కొన్నిటికి డ్రైవర్లు లేవు. ఆ సంగతి విడుదల పత్రములలోనే వ్రాసియున్నది. ఇందులో ఎవరి తప్పును లేదు. పాత పనిముట్లను ఎల్లకాలము మోయుట ఎవరికైనను భారమే.

కారణము తెలిసినను అతడు తొందరపడలేదు. డిస్కులను చదువుటకు మాత్రమే తెరచి, ఫొటోలన్నిటికి రెండు నకళ్లు తీసెను. ఒకటి బీరువాలోను, ఒకటి వేరొక ఇంటను ఉంచితిమి. అటుపిమ్మటనే డెబియన్ ఎక్కించెను. అది తన ప్రశ్నలను తెలుగులోనే అడుగునట్లు ఎంచుకొనవచ్చును గనుక నేనును చదివి గ్రహించితిని.

అయినను మరియొక అడ్డు వచ్చెను. పని ముగిసినను యంత్రము కొత్త సిస్టముతో లేవలేదు. ఈ యంత్రములు లేచుటకు బయాస్ అను పాత పద్ధతియు, యు.ఇ.ఎఫ్.ఐ. అను కొత్త పద్ధతియు కలవు. పెన్‌డ్రైవ్ ఒక పద్ధతిలో లేచెను. యంత్రమేమో రెండవ పద్ధతికి అమర్చియుండెను. నోటుబుక్కు తిరుగవేయగా ఈ తేడా బయటపడెను. ఆ ఒక్క అమరిక మార్చగానే లేచెను. ఒకేసారి నాలుగు మార్చియుంటిమా, ఏది అడ్డమో తెలియకనే పోయెడిది.

ఆ నెలలోనే నర్సంపేట వైపునుండి ఒక వృద్ధుడు వచ్చెను. 1967లో చేరినవాడు. అతని పేరు, పుట్టిన తేది గల పుటను ముద్రించి చేతికియ్యగా, తన తండ్రి వ్రేలిముద్రను చూచి కన్నీరు పెట్టుకొనెను. తుడిచివేయుమన్నది ఈ పుటనే.

మీ సంఘములలోను, పాఠశాలలలోను ఇట్టి యంత్రములు ఉండవచ్చును. అది "లేదు" అని చెప్పినప్పుడు, ఎవరికి ఎవరి భాష రానందున అట్లు చెప్పుచున్నదో మొదట విచారించుడి. తుడుచుటకు ముందు నకలు తీయుడి. మార్చునప్పుడు ఒక్కొక్కటే మార్చి, మార్చినది కాగితము మీద వ్రాయుడి. మీ రిజిస్టర్లకు రెండవ నకలు లేనియెడల, వానలు రాకముందే ఒకటి తీసి వేరొక ఇంట భద్రపరచుడి.