రై విస్కీ, రెండో పీపా: మూడు లేఖలు

మొదటి లేఖ
మౌంట్ వెర్నన్, వర్జీనియా

బావగారికి,

రై గోధుమకు దగ్గరి చుట్టమైన ధాన్యం. చలికి తట్టుకుంటుంది, సారం లేని నేలలోనూ ఎంతో కొంత పండుతుంది. జర్మనీ నుంచి పెన్సిల్వేనియా, మేరీలాండ్ వైపు వలస వచ్చిన రైతులు దాన్ని ఇష్టంగా వేసుకున్నారు. సారా కాయడం తెలిసిన స్కాట్లండ్, ఐర్లండ్ జనం వాళ్ల పక్కనే స్థిరపడ్డారు. రొట్టెకు పోగా మిగిలిన గింజ బట్టీ ఎక్కింది. అమెరికా తూర్పు తీరంలో విస్కీ అంటే చాలాకాలం ఇదే. మొక్కజొన్నతో కాచే బర్బన్‌కు పేరు వచ్చింది ఆ తర్వాత, కొండలకు ఆవలనున్న కెంటకీలో.

ఆ పాత రై ఎలా తయారయ్యేదో చూడాలంటే మౌంట్ వెర్నన్‌కు మించిన చోటు లేదు. జార్జి వాషింగ్టన్ అధ్యక్ష పదవి నుంచి దిగిన 1797లోనే తన ఎస్టేటులో బట్టీ పెట్టించాడు. ఆ ఆలోచన స్కాట్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ ఆండర్సన్ అనే వ్యవసాయ మేనేజరుది. 1799లో ఐదు రాగి బట్టీల మీద దాదాపు 11,000 గ్యాలన్లు దిగింది. ఎస్టేటు లెక్కల పుస్తకాల్లో పాళ్లు కూడా దొరికాయి: నూటికి 60 వంతులు రై, 35 మొక్కజొన్న, 5 మొలకెత్తించిన బార్లీ. బట్టీ దగ్గర ఒళ్లు వంచింది హాన్సన్, పీటర్, న్యాట్, డేనియల్, జేమ్స్, తిమోతీ అనే ఆరుగురు బానిసలు. ఇంకో విడ్డూరం ఏమిటంటే, విస్కీ మీద 1791లో పన్ను వేసింది ఈ వాషింగ్టన్ ప్రభుత్వమే. ఆ పన్ను కట్టబోమని తిరగబడ్డ పశ్చిమ పెన్సిల్వేనియా రైతుల మీదికి 1794లో సైన్యాన్ని నడిపించిందీ ఆయనే. మూడేళ్లు తిరిగేసరికి తానే వ్యాపారంలోకి దిగాడు.

కట్టడం 1814లో కాలిపోయింది. ఇప్పుడున్నది అదే స్థలంలో తిరిగి కట్టి 2007లో తెరిచినది. పిండిని వేడినీళ్లతో చెక్క తొట్టిలో పోసి, పొడుగాటి కర్ర గొర్రుతో చేత్తోనే కలుపుతారు. రై పిండిలో జిగురు ఎక్కువ. మొక్కజొన్నలా జారదు, గొర్రును పట్టుకుంటుంది. పులిసేటప్పుడు నురగ పొంగుతుంది. పెద్ద ఫ్యాక్టరీలకూ ఈ తలనొప్పి ఉంది కాబట్టి వాళ్లు జిగురు విరగడానికి ఎంజైములు వేస్తారు. పులిసిన ద్రవాన్ని కట్టెల మంట మీద రాగి బట్టీలో మరిగిస్తారు. ఒకసారి దిగినదాన్ని మళ్లీ కాస్తారు.

దిగేది నీళ్లలా తెల్లగా ఉంటుంది. వాషింగ్టన్ కాలంలో దాన్ని అలాగే అమ్మేవారు. పీపా మోసుకెళ్లడానికి మాత్రమే, మాగబెట్టడానికి కాదు. ఈ తెల్ల రైని వాసన చూస్తే పచ్చి పిండి, కాల్చిన రొట్టె పెచ్చు, దంచిన మిరియాలు, వెనక ఎక్కడో పుదీనా తగులుతాయి. నాలుక మీద ఎండుగా, కొంచెం గరగరగా ఉంటుంది. తీపి దాదాపు లేదు. ఈ రుచిని గుర్తు పెట్టుకోకుండా పాత పీపా, కొత్త పీపా అంటూ మాట్లాడటం వృథా. తర్వాత కలప ఏం చేసినా ఈ ధాన్యం మీదే చేయాలి.


రెండవ లేఖ
లెబనాన్, కెంటకీ

బావగారికి,

అమెరికా చట్టం ప్రకారం రై విస్కీలో 51 శాతానికి తగ్గకుండా రై ధాన్యం ఉండాలి. బట్టీ నుంచి దిగేటప్పుడు ఆల్కహాలు 80 శాతం మించకూడదు. పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం దాటకూడదు. పీపా ఓక్ కలపది కావాలి, కొత్తది కావాలి, లోపలివైపు మంటతో బొగ్గు చేసినది కావాలి. కనీసం రెండేళ్లు మాగితే ‘స్ట్రెయిట్’ అనే మాట పెట్టుకోవచ్చు. ఒకసారి వాడిన పీపా ఇక రైకి గానీ బర్బన్‌కు గానీ మొదటి పీపాగా పనికిరాదు. అందుకే ఇక్కడి ఖాళీ పీపాలు ఓడలెక్కి స్కాట్లండ్‌కు పోతాయి.

లెబనాన్ చిన్న ఊరు. ఇండిపెండెంట్ స్టేవ్ అనే పీపాల కంపెనీకి ఇక్కడ ఒక కార్ఖానా ఉంది, పేరు కెంటకీ కూపరేజ్. పనిలో ఉండగానే లోపలికి వెళ్లి చూడనిస్తారు. వాడేది తెల్ల ఓక్. ఈ చెట్టు నడి కలపలో నీటి గొట్టాలకు సహజంగా బిరడాలు పడతాయి, కాబట్టి విస్కీ కారిపోదు. చెక్కను పలకలుగా కోసి ఆరుబయట దొంతులుగా పేరుస్తారు. నెలల తరబడి ఎండా వానా తగిలితే చేదు కొంత కొట్టుకుపోతుంది. పీపా కూర్పులో మేకు లేదు, జిగురు లేదు. పలకలను ఆవిరికి మెత్తబరిచి వంచి, ఇనుప పట్టీలు బిగిస్తారు. పూర్తయిన పీపాలో 53 గ్యాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు పడతాయి.

అసలు సంగతి నిప్పు దగ్గర ఉంది. పీపాకు నిప్పు రెండు రకాలుగా తగులుతుంది.

మొదటిది బొగ్గు చేయడం, ఇక్కడివాళ్ల మాటలో చార్. మూత పెట్టని పీపాను నిలబెట్టి లోపల పెద్ద మంట లేపుతారు. నిప్పు గొంతులోంచి బుస్సుమని పైకి లేస్తుంది. ఎంత సేపు అన్నదాన్నిబట్టి నంబర్లు: ఒకటో నంబరుకు 15 సెకన్లు, నాలుగో నంబరుకు 55 సెకన్లు. నాలుగో నంబరులో చెక్క మొసలి చర్మంలా పగుళ్లిస్తుంది. ఈ నల్లటి పొర వడపోత పని చేస్తుంది, కొత్త సారాలోని గంధకపు వాసనలను పట్టేస్తుంది. దాని వెనకనున్న ఎర్రటి పొర నుంచి రంగూ తీపీ దిగుతాయి.

రెండోది సెగ చూపడం, అదే టోస్ట్. ఇక్కడ మంట అంటుకోకూడదు. తక్కువ వేడి, ఎక్కువ సేపు, నిమిషాల లెక్కన. పాకం పట్టేవాళ్లకు తెలిసిన తేడానే ఇది: సన్నటి సెగ మీద కమ్మగా తిరిగే పాకం పెద్ద మంట మీద క్షణంలో మాడిపోతుంది. సెగ లోతుగా దిగేకొద్దీ కలపలోని పదార్థాలు ఒక్కొక్కటే విడివడతాయి. హెమిసెల్యులోజ్ విరిగి చక్కెరలు, వాటి నుంచి పాకం వాసనలిచ్చే ఫర్ఫురాల్ లాంటివీ పుడతాయి. లిగ్నిన్ విరిగితే వెనిలిన్ వస్తుంది, వేడి ఇంకా పెరిగితే పొగ వాసనిచ్చే గ్వాయకాల్ వస్తుంది. ఓక్‌లో మొదటినుంచీ ఉన్న లాక్టోన్లది కొబ్బరి వాసన. యూజినాల్ అనేది లవంగాలకు ఆ వాసననిచ్చే పదార్థమే, ఓక్‌లోనూ ఉంటుంది. విస్కీలో లవంగం తగిలిందని ఎవరైనా అంటే కోతలని కొట్టిపారేయనక్కర్లేదు.

ఇక రెండో పీపా. మొదటి పీపాలో ఏళ్లు గడిపిన రైని తీసి, సెగ మాత్రమే చూపిన లేక సెగ ఎక్కువా బొగ్గు తక్కువా అయిన కొత్త పీపాలో పోసి మళ్లీ కొంతకాలం ఉంచుతారు. బర్బన్‌లో ఈ పద్ధతికి పేరు తెచ్చింది 2012లో వచ్చిన వుడ్‌ఫర్డ్ రిజర్వ్ డబుల్ ఓక్డ్. అందులోని రెండో పీపాకు సెగ బాగా ఎక్కువ, బొగ్గు పలుచన. లూయీవిల్‌కు చెందిన మిక్టర్స్ 2014లో బొగ్గు బొత్తిగా చేయని, సెగ మాత్రమే చూపిన పీపాతో బర్బన్ తెచ్చింది. అదే వరసలో 2017లో రై కూడా వచ్చింది. మొదటి పీపాలో శుభ్రపడే పని ఎలాగూ అయిపోయింది. రెండోదానికి మిగిలింది వాసనలద్దే పనే. ఈ వాసనలు నెలల్లోనే దిగిపోతాయి. ఎక్కువ కాలం ఉంచితే కలపలోని టానిన్లు కూడా దిగి, బాగా మరిగిన టీ డికాక్షన్‌లోని వగరు వస్తుంది. ఎప్పుడు దించాలన్నది రుచి చూసేవాడి నోరు చెప్పాలి, క్యాలెండరు చెప్పలేదు.


మూడవ లేఖ
బాల్టిమోర్, మేరీలాండ్

బావగారికి,

మేరీలాండ్ రైకి పాత పేరుంది. పెన్సిల్వేనియాలో మొనాంగహీలా నది పక్కన కాచినది ఘాటుగా ఉండేదనీ, మేరీలాండ్‌ది కొంచెం తియ్యగా, గుండ్రంగా ఉండేదనీ చెబుతారు. 1920 నుంచి 1933 వరకు దేశమంతా మద్యనిషేధం నడిచింది. దాన్ని అమలుచేయడానికి సొంత చట్టం తేని రాష్ట్రం మేరీలాండ్. అయినా బట్టీలు మూతపడకుండా ఆగలేదు. నిషేధం ఎత్తేశాక తెరుచుకున్నవీ తర్వాతి దశాబ్దాల్లో ఒక్కొక్కటే అంతరించాయి. ఇటీవల మళ్లీ ఊపిరి వచ్చింది. 2023లో రైని రాష్ట్ర అధికారిక మద్యంగా కూడా ప్రకటించుకున్నారు.

బాల్టిమోర్ రేవు ఒడ్డున 2017లో తెరిచిన సాగమోర్ స్పిరిట్ బట్టీ ఈ కొత్త దశలో పెద్దది. మొదట్లో సీసాల్లో పోసింది ఇండియానాలో కాచిన రైనే. రై పాలు ఎక్కువున్న సరుకు ఒకటి, తక్కువున్నది ఒకటి కలిపి, మేరీలాండ్‌లోని సున్నపురాతి ఊట నీళ్లతో పలుచన చేసేవారు. వీళ్ల డబుల్ ఓక్ రై మొదట బొగ్గు బాగా చేసిన కొత్త పీపాలో నాలుగేళ్లు, ఆ తర్వాత సెగ చూపిన రెండో పీపాలో సుమారు ఏడాదిన్నర ఉంటుంది. రెండో పీపా పలకల లోపలివైపు అలలు అలలుగా గాడులు చెక్కి ఉంటాయి. గాడి గట్టున సెగ ఎక్కువగానూ గుంటలో తక్కువగానూ తగులుతుంది, విస్కీ ఆనుకునే చెక్కా పెరుగుతుంది. సీసాలో ఆల్కహాలు 48.3 శాతం. సీసా మీద దాన్నే రెట్టింపు చేసి 96.6 ప్రూఫ్ అంటారు.

రుచి చూడటానికి పోసేది తక్కువ, 15 మిల్లీలీటర్లు చాలు. మన వైపు 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గు, సోడా, ఐసు, పక్కన పల్లీలు ఉంటే అది కాలక్షేపం. దాన్ని తప్పుపట్టేదేమీ లేదు గానీ, రెండు పీపాల తేడా అందులో కనిపించదు. గ్లాసు అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండాలి. పోశాక కాసేపు కదిలించకుండా వదిలేయాలి. ముక్కును గ్లాసులో దూర్చకుండా, నోరు కాస్త తెరిచి అంచు దగ్గర వాసన పీల్చాలి. లేకపోతే ఆల్కహాలు ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు.

రంగుతోనే మొదటి ఆధారం దొరుకుతుంది. మామూలు రై తేనె రంగులో ఉంటే ఇది కాచిన నెయ్యి అడుగు గసి రంగుకు దిగుతుంది. వాసనలో ముందుకు వచ్చేది కలపే: వెనిలా, మాడీ మాడని పాకం, వేయించిన కొబ్బరి, లవంగం. పక్కనే రెండో పీపా ఎక్కని అదే కంపెనీ రైని పెట్టుకుంటే తేడా వెంటనే దొరుకుతుంది. అక్కడ పుదీనా, నిమ్మ తొక్క, సోపు, మిరియం ముందుంటాయి, ఇక్కడ అవి వెనకబెంచీకి పోయాయి. ఇలా రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఇచ్చే తీర్పుకు విలువ తక్కువ.

మొదటి గుక్క నోటిని సిద్ధం చేయడానికి మాత్రమే. రెండో గుక్కను నాలుక మీద నాలుగైదు సెకన్లు అటూ ఇటూ తిప్పి మింగాలి. తీపి ముందు వస్తుంది. ఇది నిజంగా చక్కెర కాదు. కలప నుంచి దిగే చక్కెర చాలా తక్కువ, వెనిలా వాసనే నోటికి తీపి భ్రమ కలిగిస్తుంది. నాలుక మధ్యకు వచ్చేసరికి రై లేస్తుంది: నల్ల మిరియం, రొట్టె పెచ్చు, చివర కొంచెం పుదీనా చల్లదనం. ఆ తర్వాత బుగ్గల లోపల ఆరినట్టుండే వగరు. సెగ పీపా చేసిన పనంతా ఈ మూడు అంచెల్లో ఎక్కడుందో పట్టుకోవడమే రుచి చూడటం. మధ్యలో రై లేవకపోతే, తీపి నుంచి నేరుగా వగరులోకి జారితే, కలప ధాన్యాన్ని మింగేసినట్టు లెక్క. అలాంటి సీసాలు మార్కెట్లో తక్కువేమీ కాదు. వాటిని రై అని కాకుండా తియ్యటి బర్బన్ అని అమ్మినా ఎవరూ గుర్తుపట్టరు. సాగమోర్ ఈ పరీక్షలో నిలబడుతుంది. 50 శాతానికి లోపే ఉన్నా మిరియం చెక్కుచెదరలేదు.

తర్వాత నీళ్లు, చెంచాతో కొన్ని చుక్కలు. నీళ్లు ఎందుకన్నది 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంప్యూటరు నమూనాలతో చూపించారు. ఆల్కహాలు 59 శాతం దాటి ఉంటే గ్వాయకాల్ లోపలే చిక్కుకుంటుంది. 45 శాతానికి, అంతకన్నా కిందికి దిగితే పైతలానికి వస్తుంది. ఈ 48.3 శాతం విస్కీలో నాలుగు చుక్కలు పడగానే పొగ, లవంగం విప్పారతాయి, కొబ్బరి కొంచెం తగ్గుతుంది. ఐసు వేస్తే మాత్రం చలికి వాసన ముడుచుకుని వగరు ఒక్కటే మిగులుతుంది. రెండో పీపాకు పెట్టిన డబ్బు అలా నీళ్లలో పోసినట్టే.

కాక్‌టెయిల్‌కు ఇది అంత నప్పదు. న్యూయార్క్ వైపు మన్‌హట్టన్ అనే కాక్‌టెయిల్‌కు, న్యూ ఆర్లిన్స్ సాజరాక్‌కు రై వాడేది తీపి వెర్మూత్‌ను గానీ చక్కెరను గానీ ఎదుర్కొనే ఎండుతనం కోసం. రెండో పీపా ఆ ఎండుతనాన్నే తగ్గిస్తుంది. వాటికి తక్కువ ధర మామూలు రై మేలు. ఇది భోజనం తర్వాత గ్లాసులో ఒంటరిగా, లేదా వేయించిన జీడిపప్పు పక్కన.

ఇంటికి తెచ్చుకునేవారికి లెక్కలు ఇవి. ఆల్కహాలు 24 నుంచి 70 శాతం మధ్య ఉన్న సీసాలను చెక్-ఇన్ సామానులో ఒక్కొక్కరు 5 లీటర్ల దాకా పెట్టుకోవచ్చు. భారతదేశంలో దిగేటప్పుడు సుంకం లేకుండా అనుమతించేది మనిషికి 2 లీటర్లు. అమెరికా సీసా 750 మిల్లీలీటర్లు కాబట్టి రెండు సీసాలకు ఇబ్బంది లేదు, మూడోదానికి సుంకం కట్టాలి. సీసాను వైన్‌లా పడుకోబెట్టకూడదు, ఆల్కహాలు కార్కును తినేస్తుంది. నిలబెట్టి, ఎండ తగలని అలమరలో ఉంచాలి. సగం ఖాళీ అయ్యాక గాలి పెరిగి ముందు పోయేది పుదీనా, నిమ్మ తొక్కలాంటి పైవాసనలే, కాబట్టి ఆ దశకు వచ్చిన సీసాను కొద్ది నెలల్లో ముగించడం మంచిది.