టెస్టర్లు లేని పత్రిక

న్యూస్‌వీక్ ఎందుకు పాడైందని ఎవర్నడిగినా ఇంటర్నెట్ పేరే చెప్తారు. ప్రకటనలు పోయాయి, చందాదారులు పోయారు, 2010లో వాషింగ్టన్ పోస్ట్ కంపెనీ దాన్ని అప్పులతో సహా ఒక్క డాలర్‌కి అమ్మేసింది (కొన్నాయన సిడ్నీ హర్మన్, మనం కొనే హర్మన్ కార్డన్ స్పీకర్ల హర్మనే). 2012 డిసెంబర్ 31 సంచికతో అచ్చు కూడా ఆగింది. నిజమే గానీ, జబ్బు అంతకు చాలా ముందే పట్టుకుందని నా అనుమానం.

ఇంజనీరింగ్ రోజుల్లో ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దీని పాత సంచికలు ఏరుకునేవాణ్ణి. మొదట్లో జీఆర్ఈ మాటల కోసం, తర్వాత విషయం కోసం. అరబ్బు దేశాల్లో అమెరికా అంటే అంత కోపమెందుకో విడమరుస్తూ 2001 అక్టోబర్లో ఫరీద్ జకారియా రాసిన కవర్ స్టోరీ నేను ఏకబిగిన చదివాను. అలాంటి పత్రిక 1996లోనే తన ఫ్యాక్ట్ చెకింగ్ విభాగాన్ని ఎత్తేసిందని తర్వాతెప్పుడో తెలిసింది. ఇంటర్నెట్ ఇంకా ఎవరి వ్యాపారాన్నీ ముంచని రోజులవి!

ఫ్యాక్ట్ చెకర్ అంటే మన టెస్టరే. ప్రతి పేరు దగ్గరా, అంకె దగ్గరా ఆగి "ఇది నీకెలా తెలుసు?" అని అడిగి విసిగించే మనిషి. 2012 ఆగస్టులో ఒబామా మీద నయల్ ఫెర్గసన్ రాసిన కవర్ స్టోరీలో అంకెలు తప్పుదోవ పట్టిస్తున్నాయని పాల్ క్రుగ్మన్ నిలదీస్తే, సరైన సమాచారం ఇవ్వాల్సింది రాసినవాళ్ళేనని పత్రిక తరఫున జవాబొచ్చింది. అంటే డెవలపరే టెస్ట్ చేసుకుంటాడన్నమాట.

2014 మార్చిలో కొత్త యజమానుల చేతిలో మళ్ళీ అచ్చు మొదలెట్టారు. మొదటి కవర్ మీదే బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోతో దొరికాడని వేశారు. ఆ పేరున్న పెద్దాయనొకరు కాలిఫోర్నియాలో ఉండటమే పాపమైంది. నాకేం సంబంధం లేదు మొర్రో అన్నా ఆయన ఇంటి ముందు విలేఖరుల తిరునాళ్ళే. మనలో ఎవర్నడిగినా చెప్తారు కదా, సతోషి అయితే తొలి కీలతో ఒక్క డిజిటల్ సంతకం పెడితే సరి. ఆ కథనంలో ఉన్నవన్నీ ఊహలూ, పోలికలూ, రెండర్థాలొచ్చే ఒక్క మాటా. సతోషి ఎవరో ఇప్పటికీ తేలలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయినేడాది మా టీమ్‌లో ఉన్న ఇద్దరు టెస్టర్లనీ తీసేశారు. ఆటోమేషన్ ఉందిగా, ఏఐ ఉందిగా అన్నారు. వాళ్ళలో ఒకావిడ, సరిగ్గా రిలీజ్ ముందు సాయంత్రం వచ్చి "పేరు దగ్గర తెలుగులో కొడితే ఏమవుతుంది?" అనేది. మాకందరికీ చిరాకే. ఆవిడ వెళ్ళాక పెద్ద ప్రమాదమేమీ జరగలేదు, దాన్నే మా మేనేజర్ ప్రతి మీటింగ్‌లోనూ గొప్పగా చూపిస్తున్నాడు. 1997లో న్యూస్‌వీక్ కూడా లక్షణంగానే అమ్ముడుపోయిందండీ అన్నాను మొన్న.

"న్యూస్‌వీక్ ఏంటి మధ్యలో?" అన్నాడు.