పెడల్ కింది సెన్సర్

ఉద్దానంలో పికప్ బండి లారీకి తమ్ముడు, ఆటోకి అన్న. కొబ్బరికాయలు, పనసపళ్ళు, సీజన్లో పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలకి జీడిపిక్కల బస్తాలు, పెళ్ళిళ్ళకి వంటపాత్రలు, అన్నీ దాని మీదే. కొన్నేళ్ళుగా ఇంకో పని కూడా దాని మీద పడింది. ఊళ్ళో డయాలసిస్ చేయించుకునేవాళ్ళని పలాస తీసుకెళ్ళి తీసుకురావడం. అంబులెన్సులున్నాయి, బస్సులున్నాయి, కాదనను. కానీ నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకుని లేచిన మనిషికి బస్టాండులో నిలబడే ఓపిక ఉండదు. డ్రైవర్ పక్క సీట్లో కూచోబెట్టి ఇంటి గుమ్మం దాకా దింపే బండి ఉంటే ఆ ధైర్యమే వేరు.

మా చిన్నాన్న బండి అలాంటిదే. 2017లో కొన్నాడు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే దేశమంతా బిఎస్-4 ఇంజన్లు తప్పనిసరయ్యాయి. వాయిదాలు సగం కూడా కట్టకముందే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళు ఆగాలి. బ్యాంకు అన్నాళ్ళు ఆగదు. అప్పుడు ఇల్లు నడిపింది చెట్లు కాదు, ఈ బండే. అందుకే దానికి జబ్బు చేస్తే మా ఇంట్లో మనిషికి చేసినట్టే.

పోయిన ఏడాది దానికి ఒక వింత రోగం వచ్చింది. "కాలు నొక్కితే ఇనకపోతంది రా. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే బుద్ధిగా ఎల్తంది. నాలుగు కిలోమీటర్లు పోయాక మళ్ళీ అదే వరస" అన్నాడు చిన్నాన్న ఫోన్లో. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి ఎద్దుబండి వేగం దాటదు. ఒకసారి పక్కింటి పెద్దాయన్ని డయాలసిస్ నుంచి తీసుకొస్తూ హైవే మీద అలా ఇరుక్కుపోయాడట. వెనక లారీలు హారన్లు కొడుతుంటే, పక్కన ఆయన కళ్ళు మూసుకుని కూచున్నాడట.

ఇక్కడ కొంచెం యంత్రం సంగతి చెప్పుకోవాలి. పాత డీజిల్ బళ్ళలో ఆక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజెక్షన్ పంపు దాకా ఒక కేబుల్ ఉండేది. కాలు నొక్కితే కేబుల్ లాగేది, పంపు ఎక్కువ డీజిల్ పంపేది. కేబుల్ తెగితే ఎవరి కంటికైనా కనబడేది. కామన్‌రైల్ ఇంజన్లు వచ్చాక ఆ కేబుల్ పోయింది. ఇప్పుడు పెడల్ ఇంజన్‌కి ఆజ్ఞ ఇవ్వదు, అర్జీ పెట్టుకుంటుంది. పెడల్ ఎంత కిందకి దిగిందో ఒక సెన్సర్ కొలిచి వోల్టుల రూపంలో కంప్యూటర్‌కి చెబుతుంది. ఎంత డీజిల్ పంపాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పెట్రోల్ బళ్ళలో ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలో ఉండే థ్రాటిల్ రేకు ఎంత తెరుచుకుందో కొలిచే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ దీనికి అన్నదమ్ముల వరస. రెండింటిదీ ఒకటే సూత్రం.

మా బండిలోని సెన్సర్ మన పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే గుండీ లాంటిది. లోపల ఒక కార్బన్ పట్టీ, దాని మీద జారే చిన్న లోహపు నాలుక. పట్టీకి ఐదు వోల్టులిస్తే, నాలుక ఎక్కడుందో దాన్నిబట్టి బయటికొచ్చే వోల్టేజి మారుతుంది. ఒక పట్టీని నమ్ముకుంటే ప్రమాదం కనక పక్కపక్కనే రెండు పెడతారు. రెండోది మొదటి దాంట్లో సగం వోల్టేజి చూపిస్తుంది. కంప్యూటర్ ఎప్పుడూ రెండు సాక్ష్యాలూ పోల్చి చూస్తుంది. పొసగకపోతే రెండింటినీ నమ్మడం మానేసి, బండిని కుంటి నడక నడిపిస్తుంది. దీన్నే మెకానిక్కులు లింప్ మోడ్ అంటారు. బండి అదుపు తప్పి దూసుకుపోవడం కన్నా అదే మేలు. కాబట్టి ఆ రోజు హైవే మీద బండి మొరాయించలేదు. తెలియనప్పుడు ఏం చెయ్యాలని నేర్పారో అదే చేసింది.

ఇక వైద్యం. ఒక పెద్ద వర్క్‌షాపులో స్కానర్ పెట్టి చూస్తే పి-2138 అనే కోడ్ వచ్చింది. పెడల్ సిగ్నళ్ళు రెండూ ఒకదానికొకటి సరిపోవడం లేదని దానర్థం. అంతవరకే. తప్పు సెన్సర్‌దా, వైరుదా, కనెక్టర్‌దా, కంప్యూటర్‌దా అన్నది ఆ కోడ్ చెప్పదు. వాళ్ళు మాత్రం ముందు వైరింగ్ మారుద్దామన్నారు. అప్పటికీ తగ్గకపోతే కంప్యూటర్ మార్చి చూద్దామన్నారు. "మార్చి చూద్దాం" అన్న మాటకి ఖరీదు ఎవరు కడతారో అడిగేవాడు లేడు. ఆ ఎస్టిమేటు కాగితం చూస్తే చిన్నాన్నకి మూడు నెలల సంపాదన.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్, బతికేది సాఫ్ట్‌వేర్‌తో. దసరాకి ఊరెళ్ళినప్పుడు కాశీబుగ్గలో చిన్నాన్నకి తెలిసిన మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్ళాం. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, రేకుల షెడ్డు. అతను ముందు కనెక్టర్ ఊడదీసి చూశాడు. పిన్నుల మీద పచ్చటి చిలుము. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మామూలే. దాన్ని శుభ్రం చేసి, మళ్ళీ తగిలించి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం ఆన్ చేశాం. సిగ్నల్ వైరు వెనక మల్టీమీటర్ పుల్ల గుచ్చాం. అతని దగ్గర అంకెల మీటరూ ఉంది, పాతకాలపు ముల్లు మీటరూ ఉంది. ముల్లుదే తీశాడు. ఎందుకంటే క్షణంలో పడి లేచే వోల్టేజిని అంకెల మీటరు ఒక్కోసారి దాటేస్తుంది, ముల్లు మాత్రం తుళ్ళిపడుతుంది.

నేను పెడల్‌ని చేత్తో మెల్లగా దించాను. 0.7 దగ్గర మొదలై ముల్లు నింపాదిగా ఎక్కుతోంది. 1.3 దగ్గరికి రాగానే గభాలున కింద పడి మళ్ళీ లేచింది. ఇంకోసారి చూశాం. అదే చోటు. పదిసార్లు చూస్తే ఎనిమిదిసార్లు అక్కడే పడింది. రెండో పట్టీ సిగ్నల్ మాత్రం ఎక్కడా తొణకలేదు. ఐదు వోల్టుల సరఫరా బాగుంది, ఎర్త్ బాగుంది, వైరు లాగినా కదిపినా తేడా లేదు.

"సూడు మావా, ఇక్కడే పడిపోతంది. వైరు కాదు, కంప్యూటరూ కాదు, ఇదే" అన్నాడు.

సెన్సర్ పెడల్‌తో కలిపే వస్తుంది, విడిగా దొరకదు. మూడు వేల చిల్లర అయింది. బ్యాటరీ నెగటివ్ తీసి, కనెక్టర్ విప్పి, పది నంబర్ స్పానర్‌తో బోల్టులూడదీసి కొత్తది బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. మళ్ళీ ముల్లు పెట్టి చూశాం, కింద నుంచి పైదాకా ఎక్కడా జారలేదు. స్కానర్‌తో పాత కోడ్ చెరిపేశాడు.

పాత దాన్ని విప్పి చూస్తే ఇంకో సంగతి తెలిసింది. కార్బన్ పట్టీ చివర్లో కొత్తగా ఉంది. మొదటి పావు భాగంలోనే అరిగి నిగనిగలాడుతోంది. హైవే మీద పరిగెత్తే బండి అయితే ఇంకోచోట అరిగేది. ఇది తోటల మధ్య ఇసక దారుల్లో, సంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద పావు పెడల్‌తో బతికిన బండి. పైగా గర్భిణీని ఎక్కించుకున్నా, డయాలసిస్ రోగిని ఎక్కించుకున్నా చిన్నాన్న పావు పెడల్ దాటడు. ఏడేళ్ళు అక్కడే రుద్దుకుంది, అక్కడే అరిగింది.

రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'లో ఇలాంటి ఘట్టమే ఉంది. మెకానిక్కులు అతని బండిని మళ్ళీ మళ్ళీ విప్పుతారు, దెబ్బతీస్తారు. చివరికి రోగం ఆయిల్ వెళ్ళే దారిలో విరిగిన చిన్న పిన్నులో బయటపడుతుంది. ఆ పని మీద వాళ్ళకి ధ్యాస లేకపోవడమే అసలు జబ్బంటాడు పిర్సిగ్. ఆ పుస్తకం నాకిష్టమే. కానీ అతను సెలవుల్లో కొడుకుని వెనక కూచోబెట్టుకుని తిరుగుతున్నవాడు. ఉద్దానంలో ధ్యాస లేకపోవడానికి బిల్లు కట్టేది వాయిదాలు కట్టేవాడే. పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసే అలవాటున్నవాడిగా నాకు ఇంకొకటి కూడా తోచింది. "కథ కుదరలేదు" అనడం స్కానర్ కోడ్ లాంటిది. అబద్ధం కాదు, కానీ ఏ పేజీలో జారిందో చూపించనంతవరకు రచయితకి దానితో ఉపయోగం లేదు.

బండి సరే, మనుషుల సంగతి. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి రెండు దశాబ్దాలకి పైగా పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా పని చెయ్యడం అన్నారు. ఇదీ కారణం అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఊళ్ళకి నీళ్ళ పథకమూ అప్పుడే వచ్చింది. అవి కావలసినవే. అయితే ఈ జబ్బులో ఇంకో చిక్కుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు కనబడేసరికే కిడ్నీల శక్తి సుమారు సగం పోయి ఉంటుంది. అప్పటిదాకా నొప్పి ఉండదు, వాపు ఉండదు.

మెకానిక్ డబ్బులు లెక్కపెట్టుకుంటుంటే చిన్నాన్నతో ఆ మాటే అన్నాను. పక్కింటాయన జబ్బు పడ్డప్పట్నుంచి తను రక్తపరీక్షకి వెళ్ళడం మానేశాడని నాకు తెలుసు.

"బండికంటే లైటెలుగుతాది. మనిషికేటెలుగుతాది?" అన్నాడు.

"ఏమీ వెలగదు చిన్నాన్నా. అందుకే ముల్లు పెట్టి చూసుకోవాలి."

ఏమీ అనలేదు. మర్నాడు పక్కింటాయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్ళినప్పుడు, ఖాళీగా కూచోడం ఎందుకని తనూ రక్తం ఇచ్చి వచ్చాడు. 1.1 వచ్చింది. మంచి అంకే. కానీ ఒక్క రీడింగుతో ఏదీ తేలదని ఆ షెడ్డులో అతనూ చూశాడు. ఆర్నెల్లకోసారి చూపించుకుని, ఆ అంకెలన్నీ బండి సర్వీసు పుస్తకం వెనక పేజీలో రాసిపెట్టమన్నాను. ఆ పుస్తకమైతే పారెయ్యడు కనక.