గోస్తని వెంట కొండ దిగి

మే నెల విశాఖ ఉక్కపోతకు తాళలేక ఏటా నాలుగు రోజులు అనంతగిరి వెళ్తాం. పోయేటప్పుడు కిరండూల్ పాసింజరు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దింపడానికి 1960లలో వేసిన లైను అది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెడతారు. ఈసారి తిరుగుప్రయాణం మాత్రం అమ్మ మాట మీద కారులో పెట్టుకున్నాం. గోస్తని ఎటు దిగితే అటు, భీమిలి దాకా.

అనంతగిరి ఉదయాలు నాకు ప్రాణం. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. పూత రాలి, కొమ్మల కణుపుల దగ్గర పచ్చటి పిందెలు గుత్తులుగా పట్టాయి. దారి పక్కన ఒకావిడ అడ్డాకులో పనస తొనలు పెట్టిచ్చింది. ఆ తీపి వేళ్లకు జిగురుగా అంటుకుని మధ్యాహ్నం దాకా వదల్లేదు.

గోస్తని ఈ కొండల్లోనే పుడుతుంది. బొర్రా గుహల్లో దాని పని కళ్లారా చూడొచ్చు. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తూ దిగుతుంది. కప్పు నుంచి కారే ప్రతి బొట్టూ పిసరంత సున్నం అక్కడే వదిలిపోతుంది. వెనకటికి ఒక ఆవు పైనున్న కంతలోంచి లోపల పడిందనీ, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి శివలింగం కనిపించిందనీ చెబుతారు. పొదుగులా వేలాడే రాతి నుంచి జారే నీరు గనక గోస్తని అయిందట. మా పెద్దది ఒక రాతి కొస కింద అరచెయ్యి చాపి నిలబడింది. బొట్టు ఉబ్బింది, వణికింది, ఎంతకీ తెగలేదు. చివరికి టప్పున పడింది.

“అమ్మమ్మా, ఇదెక్కడికి పోతుంది?”

“మన కుళాయిలోకేనమ్మా.”

అమ్మ ఊరికే అనలేదు. ఈ కొండ నీళ్లే మా ఇంటికి చేరతాయన్న ఆ మాట వినగానే, కొండను కాపాడిన సమత తీర్పు నాకు గుర్తొచ్చింది. ఈ బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో గనుల లీజుల మీద మొదలైన పోరాటంలో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు అది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. కొండను తవ్వనివ్వబోమని ఆ ఊళ్లవాళ్లు గట్టిగా నిలబడ్డారు. చల్లగాలికని వచ్చిపోయే మాబోటివాళ్లం వాళ్లకు ఎంతో బాకీ ఉన్నాం.

కటికి జలపాతానికి జీపెక్కాలి. అమ్మ మోకాళ్లు సహకరించక వదిలేశాం. ఘాట్ దిగి ఎస్.కోట దాటితే తాటిపూడి. గోస్తనికి అడ్డంగా కట్టిన జలాశయం. చుట్టూ కొండలు, మధ్యలో నీరు. ఎండాకాలం గనక ఒడ్డున ఎర్రమట్టి పట్టీలు తేలాయి. కింది పొలాలకూ, విశాఖ గొంతుకూ ఇక్కణ్ణుంచి నీరు పోతుంది. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో వీధి కుళాయి దగ్గర తెల్లవారుజామునే బిందె పెట్టి కాచుకునేదట. గట్టు మీద చాలాసేపు నిలబడింది. “ఇన్నేళ్లూ తాగింది నిన్నేనా తల్లీ” అని చేతులు జోడించింది. పిల్లలు కూడా మాట్లాడలేదు.

ఆ తర్వాత జామి, పద్మనాభం. 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగింది పద్మనాభంలోనే. ఏరు ఇక్కడ ఇసుక మేటల మధ్య సన్నటి పాయ. ఆగకుండా సాగిపోయాం.

పొద్దువాలే వేళకు భీమిలి చేరాం. డచ్చివాళ్ల సమాధులు దాటి నది సముద్రంలో కలిసే చోటికి నడిచాం. చిన్నవాడు వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకున్నాడు. ముఖం చిట్లించాడు.

“అమ్మమ్మా, ఉప్పగా ఉంది!”

“ఇంటికెళ్లాక తాగుదువుగానిలే నాన్నా,” అంటూ అమ్మ కొంగుతో వాడి మూతి తుడిచింది.